ముప్పై వాట్ల దూరం

తెల్లారేసరికి మంచు లోయలోకి దిగి కూర్చుంటుంది.

అడుగున పారే గెడ్డ కనబడదు. గెడ్డ పక్క మళ్ళు కనబడవు. మంచు పైన రెండు కొండలు మాత్రం మిగులుతాయి — ఇవతలిది ఒకటి, అవతలిది ఒకటి. అవతలి కొండ మీద, పనస చెట్ల వెనక, ఒక పొగ లేస్తుంది. సన్నగా... తిన్నగా... ఎవరినీ పట్టించుకోకుండా.

ఆ పొగ సోములమ్మ పొయ్యిది.

ఫల్గుణ రోజూ ఆ పొగను చూస్తాడు. పళ్ళు తోముకుంటూ చూస్తాడు. మేకలను విప్పుతూ చూస్తాడు. పొగ లేస్తే అమ్మ లేచినట్టు. పొగ ఆలస్యమైతే ఆ పూట అతనికి పని మీద మనసు నిలవదు. కాఫీ చెట్ల మధ్య తిరుగుతూనే పదిసార్లు అటు చూస్తాడు.

ఇరవై ఏడేళ్ళుగా అతనికి అమ్మంటే పొగ.

అతనికి ఆరేళ్ళప్పుడు సోములమ్మ ఈ కొండ దిగి ఆ కొండ ఎక్కింది. ఇంకో మనిషిని మనువాడింది. కొండల్లో ఇది వింతేమీ కాదు. పెద్దలు కూర్చున్నారు, మాట్లాడారు, జీలుగు కల్లు తాగారు, లేచారు. తప్పెవరిదని నన్నడగకండి. ఈ కొండ మీద అడిగితే ఒక జవాబు చెబుతారు, ఆ కొండ మీద అడిగితే ఇంకొకటి చెబుతారు. రెండూ నిజమే.

పెద్దలు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పారు. ఈ ఇంటి కాలు ఆ వాకిలి తొక్కకూడదు. ఆ ఇంటి కాలు ఈ వాకిలి తొక్కకూడదు.

తండ్రి గంగరాజు ఆ మాటను ఇంకాస్త బిగించాడు. కొడుకు చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాడు. ఆరేళ్ళ గుంటడికి ఒట్టంటే ఏం తెలుసు? తండ్రి జుట్టు ఆముదం వాసన వేసిందని తెలుసు. అంతే.

గంగరాజు పోయి రెండేళ్ళయింది. ఒట్టు మాత్రం పోలేదు.

నిజానికి ఒట్టు సగం సాకు. మిగతా సగం భయం. వెళ్తే... వాకిట్లో నిలబడితే... ఆమె ముఖం తిప్పుకుంటే?

ఒకసారి సంతలో ఎదురుపడింది. ఉప్పు బేరం చేస్తోంది. అతన్ని చూసింది. చూసి, కొంగు సర్దుకుంది, ఉప్పు పొట్లం కట్టించుకుంది, జనంలో కలిసిపోయింది. గుర్తు పట్టిందో లేదో తెలియదు. గుర్తు పట్టే వెళ్ళిపోయిందేమో. ఆ రెండో మాట అతనికి చాలా రోజులు అన్నం సయించనివ్వలేదు.

గంగరాజు మోరి ఊదేవాడు.

మోరి అంటే చూడడానికి సన్నాయికి మేనల్లుడిలా ఉంటుంది. చిన్నదే. గొంతు మాత్రం పెద్దది. పండగనాడు గంగరాజు మోరి ఎత్తితే ధింసా ఆడే ఆడవాళ్ళు పొయ్యి మీది అంబలి పొయ్యి మీదే వదిలి వచ్చేవారట. ఒకరి నడుము చుట్టూ ఒకరు చెయ్యి వేసి వరస కట్టేవారట. వరసలో మొదట సోములమ్మ ఉండేదట.

ఆమె వెళ్ళిన రోజు ఆయన మోరిని ఇంటి చూరులో గుచ్చేశాడు. మళ్ళీ తియ్యలేదు. ఏళ్ళు గడిచాక చెదలు తిన్నాయి.

మోరి పోయింది కానీ పాట పోలేదు. ఆడవాళ్ళను పిలిచే ఆ మొదటి వరస — ఎనిమిది స్వరాలు — గంగరాజు మేకల వెనక నడుస్తూ ముక్కుతో కూనిరాగం తీసేవాడు. తీస్తున్నట్టు ఆయనకే తెలియదు. కొడుక్కి తెలుసు. కొడుకు చెవిలో అది ఉండిపోయింది.

ఫల్గుణకు మోరి రాదు. గిటార్ వచ్చు. మిషన్ హాస్టల్లో చదువుకున్నప్పుడు ఒక ఫాదర్ నేర్పారు, బదిలీ అయి వెళ్తూ గిటార్ ఇచ్చేసి వెళ్ళారు. వైరు తగిలించుకునే గిటార్. ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు. మిగతా రోజులు ఇంటి అరుగు మీద, అవతలి కొండ వైపు తిరిగి, ఆ ఎనిమిది స్వరాలు వాయిస్తాడు.

వైరు లేని గిటార్ ఎంత దూరం పోతుంది? దడి దాకా పోతుంది. దడి దగ్గర మేకలు తలెత్తి చూస్తాయి. అంతే.

పాట వాకిలి తొక్కదు కదా — అనుకున్నాడు ఒక రోజు. పాటకు కాళ్ళు లేవు. పాట వెళ్ళొచ్చు.

ఆ అనుకోవడం అనుకోవడం... ఇక నిద్రపోనివ్వలేదు.

అరకులో సెల్ రీచార్జి కొట్టు గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. గిటార్ ఆంప్ అమ్మబడును, వాడినది, ముప్పై వాట్లు. కింద ఒక నంబరు. గిటార్ గొంతును పెంచే ఆ పెట్టె కోసం ఫల్గుణ ఫోను చేసి, వాళ్ళింటికి వెళ్ళాడు.

అమ్మే మనిషి శివప్రసాద్, బ్యాంకులో క్లర్కు. విజయనగరం వైపు మనిషి. పెళ్ళికి ముందు ఊళ్ళో ఆర్కెస్ట్రాలో వాయించాడు. పెళ్ళయ్యాక లోన్లు, డిపాజిట్లు. ఇప్పుడు మళ్ళీ కిందికి బదిలీ అయింది. సామాను సర్దుతున్న భార్య సాయిదుర్గ, మంచం కింద పదేళ్ళుగా దుమ్ము తింటున్న ఈ పెట్టెనో, తననో, ఒకదాన్నే లారీ ఎక్కించమంది.

పెట్టె మోకాలెత్తు ఉంది. నల్ల రెక్సిన్ ఒక మూల చిరిగింది. ముందు గుడ్డ మీద టీ మరక. మీటల్లో ఒకటి ఊడిపోతే దాని స్థానంలో పెన్ను మూత బిగించి ఉంది. శివప్రసాద్ గిటార్ వైరు తగిలించి, స్విచ్చి వేసి, పెన్ను మూత తిప్పి, తీగ మీద వేలు వేశాడు.

గది నిండిపోయింది. స్టాండులో స్టీలు కంచాలు గలగలమన్నాయి. వంటింట్లోంచి సాయిదుర్గ ఏదో అంది, అది ఎవరికీ వినబడలేదు.

ఎలాగుంది, అన్నట్టు శివప్రసాద్ గర్వంగా కనుబొమలు ఎగరేశాడు.

ఫల్గుణ లేచి నిలబడ్డాడు.

"మీరు వోయిస్తా ఉండండి బాబూ. ఆపకండి. నానెల్లొస్తాను."

వెళ్ళిపోయాడు.

కొండ మీద వాయిద్యాన్ని దగ్గర కూర్చుని కొనరు. దగ్గర ఏదైనా బాగానే ఉంటుంది. మోరి చేసేవాడు తన గుమ్మంలో నిలబడి ఊదుతాడు. కొనేవాడు వీపు తిప్పుకుని నడుస్తాడు. పొలం దాటుతాడు, వాగు దాటుతాడు, గుట్ట ఎక్కుతాడు. పాట ఎక్కడ ఆగిందో అక్కడ ఒక రాయి పెట్టి తిరిగి వస్తాడు. ఆ రాయిని బట్టి బేరం. గంగరాజు మోరి కొన్ననాడు రాయి పెట్టడానికి పక్క ఊరి దాకా నడిచాడని చెప్పుకునేవారు.

ఇదంతా శివప్రసాద్‌కు తెలియదు. తెలిసే దారీ లేదు. వాయిస్తూ కూర్చున్నాడు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. బేరగాడు పారిపోయాడని సాయిదుర్గ నవ్వింది. ఆమె నవ్వి, వంటింట్లోకి వెళ్ళాక కూడా శివప్రసాద్ ఆపలేదు. ఎందుకో ఆపబుద్ధి కాలేదు. పదేళ్ళ తర్వాత వేళ్ళు తమంతట తామే ఒక పాత పాట దగ్గరికి వెళ్ళాయి.

ఫల్గుణ నడిచాడు. సందు దాటాడు, చికెన్ కొట్టు దాటాడు, వెదురు బొంగు బిర్యానీ పొగలు దాటాడు. ఆటోల హారన్ల మధ్య, టూరిస్టుల కేకల మధ్య, చెవి ఒక్కటే వెనక్కి పెట్టి నడిచాడు. రైలు గేటు దగ్గర పాట చిక్కిపోయి దారమంత అయింది. గేటు దాటితే తెగిపోయింది. వెనక్కి వచ్చి గేటు దగ్గర నిలబడితే మళ్ళీ దొరికింది.

అక్కడే చాలాసేపు నిలబడ్డాడు.

తిరిగొచ్చేసరికి శివప్రసాద్ ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. ఇతన్ని చూసి ఉలిక్కిపడి ఆపాడు. రైలు గేటు దాకా వచ్చిందని, ఆపైన రాలేదని ఫల్గుణ చెప్పాడు. శివప్రసాద్‌కు ముందు కోపం వచ్చింది. ఇది గదిలో వాయించుకునే పెట్టె, ఊరి మీద వదిలే మైకు కాదు అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడి, ఊళ్ళో రొద ఎక్కువని, కొండ మీద పొద్దున్న పూటైతే ఇంకా చాలా దూరం పోతుందని చెప్పాడు.

ఫల్గుణ తల ఊపాడు. అతను వేరే దాని గురించి ఆలోచిస్తున్నాడు.

"ఆకర్న వోయించినారు కదా, అదేటి పాట బాబూ? గేటు కాడ నిలబడి ఇన్నాను. ఎవులినో పిలుస్తున్నట్టుగుంది."

శివప్రసాద్ గిటార్ వైరు పీకి, చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిన చుట్ట మళ్ళీ విప్పి మళ్ళీ చుట్టాడు.

"ఎవరూ వినట్లేదనుకుని వాయించాను," అన్నాడు.

బేరం అక్కడితో అయిపోయింది. కాఫీ పండ్లు అమ్మిన డబ్బులో కొంత అతనికి ఇచ్చి, ఫల్గుణ పెట్టెను బండి మీద కట్టుకున్నాడు. మరీ ఫుల్లు పెట్టొద్దని, లోపలి అట్ట చిరిగిపోతుందని శివప్రసాద్ గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. వీధి చివర దాకా వచ్చి ఇంకోసారి చెప్పాడు.

రోడ్డు ఆగిన చోట బండి ఆగింది. అక్కడి నుంచి కావిడి. ఒకవైపు ఆంప్, రెండోవైపు రేషను బియ్యం. తూకం సరిపోయింది. కొండ ఎక్కుతుంటే ఎదురొచ్చిన వాళ్ళందరూ ఏటిది, ఏటిది అని అడిగారు. గొంతు పెట్టె అని చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు, ఎవరూ రెండోసారి అడగలేదు.

మొదటి ఉదయం.

మంచు దిగి ఉంది. అవతల పొగ లేచింది. ఫల్గుణ అరుగు మీద ఆంప్ పెట్టి, నోరు లోయ వైపు తిప్పి, ఇంట్లోంచి కరెంటు వైరు లాగాడు. పెట్టె గుర్రుమంది. ఎనిమిది స్వరాలు వాయించాడు.

మేకలు బెదిరి గుంజల చుట్టూ తిరిగాయి. కోళ్ళు దడి ఎక్కాయి. పాట మంచు మీద జారుకుంటూ వెళ్ళింది... వెళ్ళిందా?

వెళ్ళినట్టే ఉంది.

రెండో ఉదయం మళ్ళీ వాయించాడు. మూడో ఉదయం పెన్ను మూత ఇంకాస్త తిప్పి వాయించాడు. వాయించి, ఆపి, చెవి రిక్కించి అటు చూశాడు. పొగ లేస్తూ ఉంది. పొగ ఏమీ చెప్పదు.

అప్పుడు తెలిసింది అతనికి. వాయించేవాడికి పాట ఎక్కడ ఆగిందో ఎప్పటికీ తెలియదు. నడిచినవాడికే తెలుస్తుంది. ఇంత చిన్న సంగతి, చిన్నప్పటి నుంచీ ఎరిగిన సంగతి, కావిడి మోసుకొచ్చేటప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు. కొనే ఆత్రంలో ఉన్నవాడి బుద్ధి అలాగే ఉంటుంది.

అవతలి కొండ రెండు కేకల దూరం. ఇక్కడి కేక గెడ్డ దాకానే పోతుంది. అవతలికి మాట చేరాలంటే గెడ్డ దగ్గర ఇంకో మనిషి నిలబడి, ఈ కేక అందుకుని ఆ కేక వెయ్యాలి. మధ్యలో మనిషి లేని మాట నీళ్ళలో పడిపోతుంది. మరి ముప్పై వాట్లు ఎన్ని కేకలు?

అతని భార్య జయశ్రీ మూడు రోజులూ చూసింది. కల్లంలో కాఫీ గింజలు తిరగేస్తూ చూసింది. నాలుగో రోజు పొద్దున్నే చేతులు దులుపుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది.

"నువ్వే వోయించి నువ్వే ఇనుకుంటే ఏటి లాభం? నాకు నేర్పు. నువ్వు నడు."

నేర్పాడు. ఒకే తీగ. ఎనిమిది చోట్లు. తీగ కింద చెక్క మీద సున్నంతో గుర్తులు పెట్టాడు. జయశ్రీ నాలుక బయట పెట్టి, వేలు వెతుక్కుంటూ, దోమ ముసిరినట్టుందని తనను తానే వెక్కిరించుకుంటూ, మధ్యాహ్నానికి పట్టేసింది. సాయంత్రానికి అతనికన్నా నిదానంగా వాయిస్తోంది. నిదానంగా వాయిస్తే ఆ పాట గంగరాజు ముక్కుతో తీసినట్టే ఉంది. ఫల్గుణ మేకలను కట్టడానికని అటు వెళ్ళి, చాలాసేపు రాలేదు.

మర్నాడు తెల్లవారి బయలుదేరాడు. గెడ్డ దాకానే వెళ్తానని చెప్పాడు. అక్కడ వినబడితే చాలు, తిరిగొచ్చేస్తానని చెప్పాడు. జయశ్రీ ఊ కొట్టింది. అతను చొక్కా మార్చుకున్నాడు. గెడ్డ దాకా వెళ్ళడానికి ఉతికిన చొక్కా ఎందుకని ఆమె అడగలేదు.

పాట మొదలైంది. అతను వీపు తిప్పుకుని నడిచాడు.

కాఫీ చెట్ల మధ్య పాట భుజం మీదే ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల కింద వీపు వెనకే ఉంది. మంచులోకి దిగాక నాలుగు అడుగుల ముందు దారి కనబడలేదు కానీ పాట తడిసి, ఇంకా దగ్గరికి వచ్చింది. ఎనిమిది స్వరాలు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ ఎనిమిది. అయిదోది జయశ్రీ ప్రతిసారీ ఆలస్యం చేస్తోంది. ఆ ఆలస్యం దగ్గర అతని అడుగు కూడా ఆగుతోంది.

గెడ్డ దగ్గర పాట పోయింది.

నీళ్ళ చప్పుడు. రాళ్ళ మీద నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. చెవి వెనక అరచెయ్యి పెట్టాడు. ఊపిరి బిగబట్టాడు. లేదు.

ఇక్కడ రాయి పెట్టాలి. పద్ధతి అది. పెట్టి తిరిగి వెళ్ళాలి. వంగి, గుప్పెడంత రాయి తీశాడు. చేతిలో చల్లగా ఉంది. ఎక్కడ పెట్టాలో చూస్తూ నిలబడ్డాడు...

నీళ్ళు అడ్డం వచ్చాయి కానీ పాట ఆగి ఉండదు — అనుకున్నాడు. ఇది మోసమని అతనికి తెలుసు. బేరం చేసేటప్పుడు ఇలాంటి మాట ఎవరైనా అంటే నవ్వేస్తారు. అయినా అనుకున్నాడు. ఒక రాతి మీద కాలు వేశాడు. ఇంకో రాతి మీద వేశాడు. అవతలి గట్టు ఎక్కాడు. పది అడుగులు. ఇరవై.

దొరికింది.

పల్చగా, దూరంగా, కానీ ముక్క చెడకుండా. ఎనిమిది స్వరాలు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఎనిమిది.

ఇక అతను ఏమీ అనుకోలేదు. పాట ఉన్నంతవరకు నడవాలి, అంతే కదా. పాట ఉంది. నడిచాడు. సామ చేను కోసిన మోడుల మీదుగా నడిచాడు. అడ్డాకుల పొదలు పక్కకి నెట్టి నడిచాడు. ప్రతి మలుపులో ఇక్కడ ఆగిపోతుందనుకున్నాడు. ఆగిపోతే బాగుండునని కూడా ఒకసారి అనుకున్నాడు. ఆగలేదు. మంచు పల్చబడింది. పనస చెట్లు వచ్చాయి. దారి చుట్టు తిరిగి ఎక్కిన చోట, పనస చెట్ల మధ్య, వాకిలికి పైవైపున ఒక దడి వచ్చింది.

దడి పట్టుకుని నిలబడ్డాడు. చేతిలో రాయి ఇంకా అలాగే ఉంది.

వాకిట్లో ఒక ముసలామె చేట పట్టుకుని ఉంది.

ఆమె వీపు ఇటు ఉంది. ముఖం లోయ వైపు ఉంది. చేటలో సామలు ఉన్నాయి, చెరగడం లేదు. చేట గాలిలో అలాగే ఆగి ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. సంతలో చూసినప్పుడు ఇంత నెరవలేదు. ఇంత చిన్న మనిషా ఈమె?

దూరంగా ఎనిమిది స్వరాలు.

ఆమె కుడికాలు కదిలింది. బొటనవేలు మాత్రమే. మట్టి మీద ఒకసారి ఆనింది, లేచింది. మళ్ళీ ఆనింది. అయిదో స్వరం ఆలస్యమైతే వేలు కూడా ఆగి, కాచుకుని, దానితో కలిసి దిగింది.

పాట ఆగిపోయింది. కరెంటు పోయిందో, జయశ్రీ వేళ్ళు నొప్పి పుట్టాయో.

సోములమ్మ కాసేపు చూసింది. చేటతోనే వాకిలి చివర దాకా, కొండ వాలు మొదలయ్యే చోటు దాకా నడిచింది. అక్కడి నుంచి మంచు మీదుగా ఇవతలి కొండ కనబడుతోంది. రేకుల ఇల్లు ఒకటి కనబడుతోంది, అగ్గిపెట్టె అంత. దాని మీద సన్నగా ఒక పొగ. ఫల్గుణ తన ఇంటిని ఇటు నుంచి చూడడం అదే మొదటిసారి.

ఆమె చేట కాళ్ళ దగ్గర పెట్టి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుంది.

"పల్గునా... ఓ..."

కేక వెళ్ళింది. గొంతు బొంగురుగా ఉంది కానీ కేక వంకర పోలేదు. ఎక్కడ సాగదియ్యాలో, ఎక్కడ ఊపిరి వదలాలో దానికి తెలుసు. ఆ గొంతు ఆ పేరును మొదటిసారి కేక వెయ్యడం లేదు.

వేసి, తల పక్కకి వంచి, వింది. గెడ్డ చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆమె ఏదో వస్తుందని వింటున్నట్టు కూడా లేదు. అలవాటుగా వింది.

"పల్గునా... ఓ..."

మళ్ళీ వింది. చేతులు దించి, తడి లేని అరచేతులను చీరకు తుడుచుకుంది.

"ఇనబడదులే," అంది, తనలో తను.

ఫల్గుణ దడి పట్టుకుని ఉన్నాడు. ఇరవై అడుగులు. ఇరవై కూడా ఉండవు. ఇరవై ఏడేళ్ళుగా అతను ఆమెను పిలిచాడు — మేకల దగ్గర, చర్చిలో, కాఫీ చెట్ల మధ్య, మనసులో. ప్రతిసారీ లోయ దాటేలా, గొంతు చిరిగేలా పిలిచాడు. ఆంప్ కొన్నది కూడా అందుకే. ఇప్పుడు అంత గొంతు అక్కర్లేదు. మెల్లగా అంటే చాలు.

మెల్లగా ఎలా అనాలో అతనికి తెలియదు.

ఆమె వంగి చేట అందుకుంటోంది. ఇక ఇటు తిరుగుతుంది.